పుణ్యస్త్రీల ఆయుర్దాయం

మార్చి 8న మా ఏఎస్ రావు నగర్‌లో ఒక కాలనీవాళ్ళు మహిళా దినోత్సవ సభ పెట్టుకుని నన్ను మాట్లాడమని పిలిచారు. ముగ్గుల పోటీ అయింది, కుర్చీలాట అయింది, గెలిచినవాళ్ళకి స్టీలు డబ్బాలు పంచారు. ఆ తర్వాత పావుగంట నాది. గృహహింస చట్టం గురించి, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ జీతాల గురించి చెప్పి కూర్చున్నాను. ముందు వరసలో ఉన్న ఒక రిటైర్డు ఆఫీసరుగారు లేచి, "అమ్మా, ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆడవాళ్ళ సగటు ఆయుర్దాయం 71 ఏళ్ళు, మాది 68. పోరాటం చెయ్యాల్సింది మేమేనేమో" అన్నారు. హాలంతా నవ్వింది. ఆడవాళ్ళే ఎక్కువ నవ్వారు. మర్యాదకి నేనూ నవ్వాను. ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఆ నవ్వు మీద కోపం వచ్చింది.

ఆయన చెప్పిన అంకె తప్పు కాదు. 2016-20 సంవత్సరాలకి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పట్టికలో ఆడవాళ్ళకి 71.4, మగవాళ్ళకి 68.6 అనే ఉంది. అంకె నిజమైనంత మాత్రాన దాంతో చేసిన వాదన నిజం కాదని చెప్పడానికే ఈ వ్యాసం. అయితే ఒక్క ఆయన మీదే రాస్తే నాకు నిజాయితీ లేనట్టే. ఎందుకంటే అదే నెలలో మనవాళ్ళ దగ్గర ఇంకో అంకె విన్నాను. అది నన్ను ఇంతకంటే ఎక్కువ బాధపెట్టింది.

మన సంఘాలు నాలుగైదు కలిసి ఒక అధికారికి వినతిపత్రం ఇవ్వడానికి వెళ్ళాయి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకి వృద్ధాప్య పెన్షను వయసు ఇంకా తగ్గించాలని, బస్తీల్లో ఆరోగ్య శిబిరాలు పెట్టాలని అందులో అడిగాం. వినతిపత్రం మొదటి పేరాలోనే "దళిత స్త్రీల సగటు ఆయుర్దాయం 39 సంవత్సరాలు మాత్రమే" అని ఉంది. అధికారి ఆ వాక్యం దగ్గర ఆగాడు. మాతో వచ్చిన ఆడవాళ్ళ వైపు చూసి, "39 ఏళ్ళకే పోతే మీరంతా ఎట్లా వచ్చిన్రమ్మా? పెన్షను ఎవరికి ఇయ్యాలె?" అన్నాడు. కాయితం మడిచి పక్కన పెట్టాడు. మిగతా మూడు పేజీలు చదవనే లేదు. మాతో వచ్చినవాళ్ళలో యాభై దాటినవాళ్ళు ఆరుగురున్నారు. ఏదో తప్పు చేసినట్టు తలలు వంచుకుని బయటికొచ్చారు. ఆ డ్రాఫ్టు నేనూ చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆ అధికారికి ఆయుర్దాయం అంటే ఏమిటో తెలియదు. ఆ సంగతి మనకీ తెలియదు. ముందు మన అజ్ఞానం సంగతి చూద్దాం.

39.5 అనే అంకె గాలిలోంచి రాలేదు. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో వేసిన ఒక నివేదికలో, ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్ పరిశోధన ఆధారంగా, దళిత స్త్రీలు అగ్రవర్ణ స్త్రీలకంటే 14.6 ఏళ్ళ ముందే చనిపోతున్నారని ఉంది. ఒకరిది 39.5, ఒకరిది 54.1. వార్తాపత్రికలు దాన్ని ఎత్తి రాశాయి, మనం పత్రికల నుంచి కరపత్రాల్లోకి ఎక్కించాం. అసలు అది చనిపోయినవాళ్ళ వయసుల సగటు. ఎక్కించేటప్పుడు ఆ "మరణించిన వయసు సగటు" మన చేతుల్లో "ఆయుర్దాయం" అయిపోయింది. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. ఎందుకు కాదో మా పేటనే చూపించి చెబుతాను.

ఏఎస్ రావు నగర్ ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగుల ఇళ్ళతో ఎదిగిన కాలనీ. 1967లో ఆ సంస్థ ఏర్పడటానికి మూలపురుషుడైన డాక్టర్ ఏ.ఎస్. రావుగారి పేరే దీనికి పెట్టారు. ఆ తరం వాళ్ళు ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు. పిల్లలు అమెరికాలోనో, ఊరికి ఆ చివర గచ్చిబౌలిలోనో ఉన్నారు. పాత వీధుల్లో పొద్దున్నే నడిచేవాళ్ళని చూస్తే సగానికి సగం నెరిసిన తలలే. ఇక్కడ ఎవరి ఇంటి ముందైనా షామియానా వేస్తే పోయినవాళ్ళ వయసు డెబ్భయ్యో, ఎనభయ్యో అయి ఉంటుంది. ఇక్కణ్ణించి చర్లపల్లి వైపో మల్లాపూర్ వైపో వెళ్తే, అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట రేకుల షెడ్లలో పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలుంటారు. అక్కడుండేది పాతికేళ్ళ తల్లిదండ్రులు, చంకలో పిల్లలు. ముసలివాళ్ళు ఊళ్ళోనే ఉండిపోతారు. ముసలివాళ్ళే లేనిచోట ముసలివాళ్ళ చావులు ఎక్కణ్ణించి వస్తాయి? ఆ షెడ్లలో చనిపోయేవాళ్ళంతా చిన్నవాళ్ళే.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఇది ఊహకోసమే. రెండు బస్తీలున్నాయనుకుందాం, రెండింట్లోనూ చావురేట్లు అచ్చంగా ఒకటే: ఏడాదికి నూరుమంది పిల్లల్లో ఇద్దరు, నూరుమంది వృద్ధుల్లో ఐదుగురు పోతారు. పోయే పిల్లల వయసు రెండేళ్ళు, వృద్ధుల వయసు 70 అనుకుందాం. మొదటి బస్తీలో 900 మంది వృద్ధులు, 100 మంది పిల్లలు. అక్కడ 45 మంది వృద్ధులు, ఇద్దరు పిల్లలు చనిపోతారు, మరణించిన వయసు సగటు 67. రెండో బస్తీలో 900 మంది పిల్లలు, 100 మంది వృద్ధులు. అక్కడ 18 మంది పిల్లలు, ఐదుగురు వృద్ధులు పోతారు, సగటు 17కి కూడా రాదు. చావుకి రెండు చోట్లా ఒకే బలం ఉంది. సగటులో మాత్రం యాభై ఏళ్ళ తేడా. అంటే ఆ సగటు చెప్పేది ఆ బస్తీలో చావు ఎంత దగ్గరగా ఉందో కాదు, ఆ బస్తీలో ఏ వయసువాళ్ళు ఎంతమంది ఉన్నారో.

ఈ చిక్కుని తప్పించడానికే ఆయుర్దాయం అనే లెక్క పుట్టింది. 1662లో లండన్‌లో జాన్ గ్రాంట్ అనే బట్టల వ్యాపారి చర్చిలు ప్రకటించే చావు జాబితాలు ముందేసుకుని దీనికి దారి వేశాడు. 1693లో ఎడ్మండ్ హేలీ, తోకచుక్కకి ఎవరి పేరు పెట్టారో ఆయనే, బ్రెస్లావ్ అనే పట్టణపు జననమరణాలతో ఒక పట్టిక కట్టాడు. జీవితాంతం ఏటేటా సొమ్ము ఇచ్చే పత్రాలకి ఏ వయసువాడి దగ్గర ఎంత ధర తీసుకోవాలో తేల్చడం దాని ఉపయోగాల్లో ఒకటి. మనిషి ఆయుష్షుని లెక్కగట్టడం మొదటినుంచీ డబ్బుతో ముడిపడిన పనే, ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి.

పట్టిక కట్టే పద్ధతి వినడానికి కష్టంగా ఉంటుంది గాని, పాలలెక్క వేసుకునే ఎవరికైనా అర్థమవుతుంది. ఒకేరోజు లక్షమంది ఆడపిల్లలు పుట్టారని ఊహిస్తారు. ఈ సంవత్సరం ఏడాదిలోపు ఆడపిల్లలు వెయ్యికి ఎంతమంది పోయారో చూసి, ఆ రేటున ఈ లక్షలోంచి తీసేస్తారు. మిగిలినవాళ్ళకి ఈ సంవత్సరపు ఒకటినుంచి ఐదేళ్ళ పిల్లల రేటు వర్తింపజేస్తారు, ఆ తర్వాత ఐదునుంచి పదేళ్ళది, అట్లా ఎనభై దాటేదాకా. ప్రతి మెట్టు దగ్గరా ఎంతమంది మిగిలారు, అందరూ కలిసి ఎన్ని సంవత్సరాలు బతికారు అని కూడుకుంటూ పోతారు. చివరికి వచ్చిన మొత్తం సంవత్సరాలని లక్షతో భాగిస్తారు. అదే పుట్టినప్పటి ఆయుర్దాయం. వృద్ధులు ఎక్కువా పిల్లలు ఎక్కువా అనే గొడవ ఇందులో ఉండదు, ఎందుకంటే ఈ లక్షమందీ ఊహలో ఉన్నవాళ్ళే, అన్ని వయసుల మెట్లూ వరసగా ఎక్కుతారు.

అందుచేత ఇది జోస్యం కాదు. ఈ సంవత్సరపు చావురేట్లు ఇట్లాగే మారకుండా ఉండిపోతే ఈరోజు పుట్టిన పిల్ల సగటున ఎన్నేళ్ళు బతుకుతుందన్నదే దీని అర్థం. మన అధికారిగారు అనుకున్నట్టు ఆ వయసు రాగానే అందరూ చచ్చిపోతారని కూడా కాదు. 1911-21 దశాబ్దంలో, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళని ఊడ్చేసిన కాలంలో, ఈ దేశపు ఆయుర్దాయం ఇరవై ఏళ్ళ దగ్గర ఉండేది. అంటే ఇరవయ్యేళ్ళు నిండిన ప్రతివాళ్ళూ పాడె ఎక్కారని కాదు గదా. పదిమంది పిల్లల్లో నలుగురు పురిట్లోనే పోయి, ఆరుగురు అరవయ్యేళ్ళు బతికారనుకోండి, సగటు 36 వస్తుంది. నిజానికి 36వ ఏట ఒక్కరూ పోలేదు. పుట్టినప్పటి ఆయుర్దాయం చిన్నపిల్లల చావులకి అంతగా ఊగిపోతుంది. అరవై దాటినవాళ్ళు మన దేశంలో ఇంకా సగటున సుమారు 18 ఏళ్ళు బతుకుతారని పట్టికలే చెబుతున్నాయి. అరవై దాకా చావుని తప్పించుకున్న మనిషి లెక్క వేరు మరి.

ఆ పూట ఈ నాలుగు ముక్కలూ చెప్పగలిగి ఉంటే ఆ ఆరుగురూ తలలెత్తుకుని కూర్చునేవారు.

మరి దళిత స్త్రీల ఆయుర్దాయం ఎంత? ఇక్కడే అసలు రాజకీయం ఉంది. ప్రభుత్వం ఏటా ప్రకటించే ఆయుర్దాయం శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ అనే ఏర్పాటు నుంచి వస్తుంది. 1960ల చివర మొదలైన ఈ ఏర్పాటులో దేశమంతటా ఎనిమిది వేలకు పైగా గ్రామాలనీ పట్టణ బ్లాకులనీ ఎంచుకున్నారు. ప్రతిచోటా ఒక స్థానిక గణకుడో గణకురాలో, చాలాచోట్ల టీచరో అంగన్‌వాడీ కార్యకర్తో, పుట్టుకల్ని చావుల్ని ఎప్పటికప్పుడు రాసుకుంటారు. ఆరునెలలకొకసారి వేరే సూపర్‌వైజరు వచ్చి తనంతట తాను ఇల్లిల్లూ అడిగి రాసుకుంటాడు. రెండు జాబితాలనీ పక్కపక్కన పెట్టి, కలవనివాటిని మళ్ళీ వెళ్ళి తేల్చుకుంటారు. పద్ధతి మంచిదే, నేను తప్పుపట్టను. కాని దీంట్లోంచి రాష్ట్రాలవారీగా, పల్లె పట్నాలవారీగా, ఆడా మగా వారీగా మాత్రమే పట్టికలు వస్తాయి. కులం వారీగా రావు, మతం వారీగా రావు. ఏ కులంవాళ్ళు ఏ గేదెని కొన్నారో కూడా సర్వేలు చేసే దేశంలో, ఏ కులంవాళ్ళు ఎన్నేళ్ళు బతుకుతున్నారో ఏటా చెప్పే పట్టిక లేదు. లేనిచోట మనం చేతికి దొరికిన అంకెని ఎత్తుకున్నాం.

పరిశోధకులు ఇతర సర్వేల నుంచి దీన్ని రాబట్టే ప్రయత్నం చేశారు. ఉత్తరప్రదేశ్, బీహార్ వంటి తొమ్మిది రాష్ట్రాల్లో 2010-11లో జరిగిన వార్షిక ఆరోగ్య సర్వేని తీసుకుని, పద్ధతి ప్రకారం పట్టికలు కట్టి, 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. అగ్రకుల హిందువులకంటే ఆదివాసులు నాలుగేళ్ళకు పైగా, దళితులు మూడేళ్ళకు పైగా, ముస్లింలు సుమారు ఒక ఏడాది తక్కువ బతుకుతున్నారని తేలింది. ఆర్థిక స్థితిలో తేడాలని లెక్కలోకి తీసుకున్నా ఆ అంతరంలో చాలాభాగం పోలేదు. అంటే పేదరికం ఒక్కటే కారణం కాదు.

"పద్నాలుగేళ్ళంటేనే ఎవరూ వినలేదు, మూడేళ్ళంటే ఎవరు వింటారు?" అని ఒక మిత్రురాలు నన్ను నిలదీసింది. ఆమెకి నేనిచ్చిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. 1970-75లో దేశపు ఆయుర్దాయం 49.7. 2014-18 నాటికి 69.4 అయింది. నలభై నాలుగేళ్ళలో దాదాపు ఇరవయ్యేళ్ళు. ఆ నడకన మూడేళ్ళ ఆయుష్షు పెరగాలంటే దాదాపు ఏడేళ్ళ కాలం పడుతుంది. ఒక కులంలో పుట్టినందుకు ఒక మనిషి తన పక్కింటివాడికంటే ఏడేళ్ళ పాత కాలంలో బతుకుతోందన్నమాట, పాత మందులతో, పాత నీళ్ళతో. అది చిన్న అంకె అని ఎవరంటారో అనమనండి. పైగా ఈ అంకెని ఏ అధికారీ ఒక్క ప్రశ్నతో కొట్టిపారెయ్యలేడు.

ఇప్పుడు మా రిటైర్డు ఆఫీసరుగారి దగ్గరకి వస్తాను.

ఆయన మాటలో ఒక ఒప్పుకోవాల్సిన చరిత్ర ఉంది. 1970-75లో మగవాళ్ళకి 50.5 ఉంటే ఆడవాళ్ళకి 49.0 ఉండేది. 1974లో "సమానత్వం దిశగా" నివేదిక వచ్చినప్పుడు దేశాన్ని కుదిపేసిన విషయాల్లో ఇదొకటి. 1971 జనగణనలో వెయ్యిమంది మగవాళ్ళకి 930 మంది ఆడవాళ్ళే మిగిలారన్నది ఇంకొకటి. 1980ల్లో ఆయుర్దాయంలో ఆడవాళ్ళు దాటారు. ఆ దాటడంలో కానుపుల సంఖ్య తగ్గడం ఉంది, ఆసుపత్రి కానుపులున్నాయి, దాయమ్మలు, ఏఎన్ఎంలు, మన సంఘాల పని ఉంది. దాన్ని తక్కువ చెయ్యను.

కాని దాటడం ఎంత? రెండు మూడేళ్ళు. జపాన్‌లో 2023లో ఆడవాళ్ళకి 87, మగవాళ్ళకి 81. అంత దూరం ఎందుకు, కేరళలో 2014-18 పట్టిక చూస్తే ఆడవాళ్ళకి 77.9, మగవాళ్ళకి 72.5. అయిదేళ్ళకు పైగా తేడా. అదే పట్టికలో దేశం మొత్తానికి తేడా రెండున్నరేళ్ళే. తిండి, వైద్యం ఇద్దరికీ సమానంగా అందిన చోటల్లా ఆడవాళ్ళు మగవాళ్ళకంటే అంత ఎక్కువ బతుకుతున్నారు. పసితనంలోనే ఆడపిల్ల శరీరం గట్టిది. ఆ గట్టితనాన్ని మించి మనం ఏమి చేస్తేనో 2020లో కూడా మన దేశంలో ఐదేళ్ళలోపు ఆడపిల్లల మరణాల రేటు మగపిల్లల రేటుకంటే ఎక్కువ నమోదయింది. ప్రకృతి ఇచ్చిన అయిదారేళ్ళలో సగం లాక్కుని, మిగిలిన సగం చూపించి "మీకే ఎక్కువుంది" అనడం ఎట్లా ఉందంటే, కూతురి పుట్టింటి పొలంలో సగం కాజేసిన అన్న, మిగిలిన సగం చూపించి "నీకే ఆస్తి ఉంది" అన్నట్టుంది.

ఇంకొక మాట. దీన్ని "పుట్టినప్పటి" ఆయుర్దాయం అంటారు. పుట్టనివ్వని పిల్లలు ఈ లక్షలో ఉండరు. 2011 జనగణనలో తెలంగాణ జిల్లాల్లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకి 932 మంది ఆడపిల్లలే ఉన్నారు. స్కానింగుతో మాయమైనవాళ్ళ ఆయుష్షు సున్నా. ఆ సున్నాలని కలిపితే సగటు ఎక్కడుంటుందో ఊహించుకోండి. 1990లో అమర్త్య సేన్ పదికోట్లకు పైగా స్త్రీలు కనపడకుండా పోయారని రాసినప్పుడు చెప్పిందీ ఇటువంటి సంగతే: బతికున్నవాళ్ళ లెక్కలో లేనివాళ్ళు దాక్కుంటారు.

ఆ బతికిన సంవత్సరాలైనా ఎట్లాంటివి? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా బతికే సంవత్సరాలని వేరే లెక్కకడుతుంది. 2019కి మన దేశంలో దాని లెక్క ఇది: ఆయుర్దాయం మగవాళ్ళకి 69.5, ఆడవాళ్ళకి 72.2. ఆరోగ్యంగా బతికేది మగవాళ్ళు 60.3, ఆడవాళ్ళు 60.4. మళ్ళీ చదవండి. రెండేళ్ళ ఎనిమిది నెలలు ఎక్కువ ఇచ్చి, అందులో ఆరోగ్యంగా ఉండేది నెలరోజులు. మిగతా అంతా మోకాళ్ళ నొప్పి, రక్తహీనత, షుగరు, మంచం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంకొకటి కూడా చేర్చాలి. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. తెల్లబట్ట అవుతోందని వెళ్ళిన ముప్పయ్యేళ్ళ మనిషికి క్యాన్సరు వస్తుందని భయపెట్టి తీసేసిన గర్భసంచులు వీటిలో ఎన్నో మీలో బస్తీల్లో పనిచేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఆమె బతికే నలభై ఏళ్ళూ ఆయుర్దాయం పట్టికలో నిండు ఏళ్ళే. పట్టికకి నడుంనొప్పి తెలియదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. ఆ నలుగురూ ఆరోగ్యంగా నడిచి వచ్చినవాళ్ళు. కుటుంబంలో ఎవరో ఒకరు చేయించుకోవాల్సి వచ్చినప్పుడు ఆ ఒకరు ఎప్పుడూ ఆమే ఎందుకవుతుందన్నది ఏ పట్టికలోనూ ఉండదు.

కోవిడ్ సంగతి కూడా చెప్పాలి. ప్రపంచంలో చాలా దేశాల్లో ఆ జబ్బు మగవాళ్ళ ఆయుష్షునే ఎక్కువ కోసింది. మన దగ్గర తిరగబడింది. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో 14 రాష్ట్రాల, కేంద్రపాలిత ప్రాంతాల ఇళ్ళ సమాచారం తీసుకుని 2024లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం 2019తో పోలిస్తే 2020లో ఆయుర్దాయం మగవాళ్ళకి 2.1, ఆడవాళ్ళకి 3.1 ఏళ్ళు పడిపోయింది. అగ్రకుల, బి.సి. హిందువులకి 1.3 తగ్గితే దళితులకి 2.7, ఆదివాసులకి 4.1, ముస్లింలకి 5.4. కేంద్ర ప్రభుత్వం ఈ అధ్యయనం తప్పంది. సరే, తప్పే అనుకుందాం. అయితే ఒప్పేదో చూపించాలి గదా? కులం వారీగా, మతం వారీగా తన దగ్గరి పట్టిక తీసి చూపించాలి. 2021లో జరగాల్సిన జనగణనని 2027కి జరిపినవాళ్ళు ఇతరుల లెక్క తప్పనడానికి మాత్రం ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు.

మన సంస్కృతిలో ఆడవాళ్ళ ఆయుష్షుకి అసలు విలువ కట్టిందెప్పుడు? మగపిల్లాడు కాళ్ళకి దణ్ణం పెడితే "ఆయుష్మాన్ భవ" అంటారు. ఆడపిల్ల పెడితే "దీర్ఘసుమంగళీ భవ". ఆ దీవెనలో ఉన్న ఆయుష్షు మొగుడిది. మొగుడికంటే ముందు పోతే "పుణ్యస్త్రీ, పసుపు కుంకుమలతో పోయింది" అని ఊరంతా మెచ్చుకుంటుంది. యాభై రెండేళ్ళకి, గుండె నొప్పిని గ్యాసు అనుకుని మూడు రోజులు వంట చేసి చచ్చిపోయిన మనిషిని కూడా అట్లాగే మెచ్చుకోవడం మా వీధిలోనే విన్నాను. ముందు పోవడం పుణ్యం, వెనక మిగలడం పాపం అయిన చోట, ఎక్కువ బతకడం ఒక వరమని మా పెద్దమనిషి నాకు చెప్పాడు. పెళ్ళిలో వరుడికీ వధువుకీ వయసు తేడా పెట్టి, ఆ పైన ఆవిడే రెండేళ్ళు ఎక్కువ బతికితే, మిగిలేవి విధవరాలి సంవత్సరాలు. చేతిలో పైసా లేకుండా, కొడుకుల ఇళ్ళ మధ్య నెలల వంతున.

చివరగా, ఈ లెక్కకి ముడిసరుకు అయిన చావుల నమోదు గురించి. మా ఇంట్లో పని చేసే ఆమె అత్త ఈ చలికాలంలో పోయింది. ఆ ముసలామె నాచారం ఫ్యాక్టరీల్లో ఇరవయ్యేళ్ళు ప్యాకింగు పని చేసి, చేతకాక మానేసి, ఆపైన మా వీధిలోనే అంట్లు తోమింది. దినాలయ్యాక సర్టిఫికెట్ తీసుకున్నారా అని అడిగాను. "దేనికి మేడం? ఆమె పేరు మీద ఏమున్నది? మా మామ పోయినప్పుడైతే తీసుకున్నం, ఇంటి కాయితం ఆయన పేరు మీదుండె" అంది. 1969 నుంచీ చట్టం ఉంది, 21 రోజుల్లో ప్రతి చావునీ నమోదు చెయ్యాలని. అయినా ఆడవాళ్ళ చావులు మగవాళ్ళవాటికంటే తక్కువగా నమోదవుతున్నాయని ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే చూపించింది. కారణం ఆమె ఒక్క వాక్యంలో చెప్పేసింది. ఇల్లు, పొలం, బ్యాంకు, బీమా ఉన్నవాడి చావుకి కాయితం కావాలి. ఏమీ లేని మనిషి చస్తే చావు ఒక్కటే మిగులుతుంది, దానికి కాయితంతో పని లేదు. ఇక ఏ జబ్బుతో పోయారో డాక్టరు ధ్రువీకరించిన చావులైతే, 2020 లెక్కలో, నమోదైనవాటిలో నాలుగో వంతు కూడా లేవు.

బతికున్నప్పుడూ అంతే. ఆమె ఆధార్ కార్డులో పుట్టినతేదీ జనవరి 1. మా బస్తీల్లో కార్డులు చూస్తే సగంమంది ఆడవాళ్ళు కొత్త సంవత్సరం నాడే పుట్టినట్టుంటుంది. మా అమ్మ గోదావరి పుష్కరాల ఏడు పుట్టిందని తెలుసు కాబట్టి 1955 అని రాయించాం. ఏ పుష్కరమూ గుర్తు లేనివాళ్ళకి ముఖం చూసి ఒక అంకె వేశారు. తెలంగాణలో వృద్ధాప్య పెన్షను వయసు 65 నుంచి 57కి తగ్గింది, సంతోషం. కార్డులో ఆరేళ్ళు తక్కువ పడితే ఆరేళ్ళ పెన్షను పోయినట్టే. 2019లో పెంచిన 2,016 రూపాయల చొప్పున చూసినా అది 1,45,152 రూపాయలు. అదే రాష్ట్రంలో 2021లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెంచారు. ఆయుర్దాయం పెరిగింది కాబట్టి ఇంకొన్నాళ్ళు జీతం తీసుకోవచ్చనే వాదన అటువైపుంటే, ఏ ఆయుర్దాయంతోనూ సంబంధం లేకుండా ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం అంట్లు తోమే వాళ్ళు ఇటువైపున్నారు.

వినతిపత్రం మళ్ళీ రాశాం. 39 తీసేశాం. ఆయుర్దాయం పట్టికలు కులం, మతం వారీగా ప్రకటించాలని మొదటి పేరాలోనే పెట్టాం. వయసు రుజువుకి ఆధార్ ఒక్కదాన్నే పట్టుకోకుండా, పెద్ద కొడుకు వయసునో పెళ్ళి ఏడాదినో బట్టి విచారించి నిర్ణయించాలని రెండోది. పాత డ్రాఫ్టు పట్టుకుని ఇంకా తిరుగుతున్న సంఘాలు ఉంటే దయచేసి మార్చుకోండి.

ముసలామె చావు నమోదుకి మేమిద్దరం కలిసి వెళ్ళాం. గడువు దాటింది కాబట్టి ఆలస్య రుసుము కట్టి, అఫిడవిట్ రాయించి, మూడుసార్లు తిరిగాం. ఫారంలో వయసు గడి దగ్గర గుమాస్తా పెన్ను ఆపి తలెత్తాడు. కోడలు, "మా ఆయన 62 అంటడు, మా ఆడబిడ్డ 57 అంటది" అంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి 60 అని రాసుకున్నాడు.